గుర్రం మీద కూర్చుంటే ఏం మారుతుంది?

సెరెబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతినడం వల్ల ఒంటి కదలికలు అదుపులో ఉండని స్థితి) ఉన్న పిల్లల తల్లిదండ్రులకు ఏదో ఒక రోజు ఈ సలహా వినబడుతుంది: "గుర్రం ఎక్కించి చూడండి, నడుము నిలబడుతుందట." ఆటిజం ఉన్న పిల్లల ఇళ్లకూ ఇలాంటి మాటే వస్తుంది: "గుర్రాల దగ్గరికి తీసుకెళ్తే పిల్లాడు కుదురుకుంటాడట, మాటలు కూడా వస్తాయట." చెప్పేవాళ్లు మంచి మనసుతోనే చెబుతారు. కానీ ఏళ్ల తరబడి ఫిజియోథెరపీ, స్పీచ్ థెరపీ చుట్టూ తిరిగి అలసిపోయిన కుటుంబానికి ఎవరో చెప్పిన మాట ఒక్కటే సరిపోదు. నిజంగా పనిచేస్తుందా, చేస్తే దేనివల్ల చేస్తుంది, ఎవరికి చేయదు, ఎవరికి ప్రమాదం అన్నది స్పష్టంగా తెలియాలి.

ఇది తేల్చుకోవడానికి రెండు పరిశోధనలు బాగా పనికొస్తాయి. ఒకదాంట్లో గుర్రానికి పోటీగా ఒక పీపాను పెట్టారు. ఇంకోదాంట్లో బొమ్మ గుర్రాన్ని పెట్టారు. గుర్రంలో ఉండి పీపాలో లేనిదేమిటి, బొమ్మలో లేనిదేమిటి అని అడిగితే ఈ చికిత్స గుట్టు చాలావరకు బయటపడుతుంది.

మొదట పీపా సంగతి. 2003లో అమెరికాలో ప్రచురించిన ఆ అధ్యయనంలో పాల్గొన్నది కండరాలు బిగుసుకుపోయే రకం సెరెబ్రల్ పాల్సీ ఉన్న 15 మంది పిల్లలు. కొందరిని 8 నిమిషాల పాటు నడిచే గుర్రం మీద కూర్చోబెట్టారు. మిగతావాళ్లను అంతే సేపు కదలని పీపా మీద, గుర్రం ఎక్కినట్టే చెరోవైపు కాలు వేయించి కూర్చోబెట్టారు. ముందూ తర్వాతా వెన్ను, తొడ కండరాల పనితీరును యంత్రంతో కొలిచారు. ఇలాంటి పిల్లల్లో ఒక పక్క కండరాలు ఎక్కువగా, రెండో పక్కవి తక్కువగా పనిచేస్తుంటాయి. అందుకే కూర్చుంటే ఒక పక్కకు ఒరిగిపోతారు. గుర్రం ఎక్కిన పిల్లల్లో రెండు పక్కల మధ్య ఉన్న ఈ తేడా బాగా తగ్గింది. పీపా మీద కూర్చున్నవాళ్లలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. కాళ్లు ఎడంగా పెట్టి కూర్చోవడం ఇద్దరికీ ఒకటే. తేడా అంతా కదలికలోనే ఉంది.

ఆ కదలిక ఎలాంటిదో కాస్త వివరంగా చూడాలి. మనిషి నడిచేటప్పుడు కటి భాగం ఒకే దిక్కున కదలదు. ముందుకీ వెనక్కీ వంగుతుంది, కుడికీ ఎడమకీ ఒరుగుతుంది, ఆ రెండింటితో పాటు కొంచెం తిరుగుతుంది కూడా. మూడూ కలిసిపోయి జరుగుతాయి కాబట్టి మనం గమనించం. సొంతంగా నడవని పిల్లాడి శరీరానికి ఈ అనుభవం ఎప్పుడూ అందలేదు. గుర్రం నింపాదిగా నడుస్తుంటే దాని వీపు మీద కూర్చున్నవాళ్ల కటి దాదాపు ఇలాగే మూడు దిక్కులా కదులుతుంది. కాళ్లు నేలకు ఆనకుండానే నడక అనుభవం నడుముకు చేరుతుంది. గుర్రం నిమిషానికి సుమారు 100 అడుగులు వేస్తుందనుకుంటే, 20 నిమిషాల్లో ఆ పిల్లాడి నడుము 2,000 సార్లు తూలబోయి సర్దుకుంటుంది. గదిలో పెద్ద రబ్బరు బంతి మీద కూర్చోబెట్టి అన్నిసార్లు కదిలించడం ఏ థెరపిస్టు వల్లా కాదు, పిల్లాడూ ఒప్పుకోడు.

పైగా గుర్రం అడుగులన్నీ అచ్చంగా ఒకేలా ఉండవు. లయ ఒకటే, కానీ ప్రతి అడుగులోనూ చిన్న తేడా ఉంటుంది. మెదడు నేర్చుకోవడానికి కావలసింది సరిగ్గా ఇదే: ఊహించగలిగేంత లయ, సర్దుకోక తప్పనంత తేడా. తెలిసిన థెరపిస్టు ఈ తేడాను మందు మోతాదు మార్చినట్టు మారుస్తారు. గుర్రాన్ని నడిపించి, ఆపి, మళ్లీ నడిపిస్తే పిల్లాడు ముందుకీ వెనక్కీ తూలకుండా కాచుకోవాలి. గుండ్రంగా తిప్పితే పక్కకు ఒరగకుండా నిలవాలి. గుర్రం అడుగు నిడివి పెంచితే నడుముకు ఇంకా పని. కొన్నిసార్లు పిల్లాణ్ని తోక వైపు ముఖం పెట్టి కూర్చోబెడతారు, రెండు చేతులూ గుర్రం వెనక భాగం మీద ఆనించి బరువు మోయించడానికి. మెడ నిలపలేని పిల్లలకు ఒక పద్ధతి, మెడ నిలిచి నడుము నిలవని పిల్లలకు ఇంకొకటి. బయటినుంచి చూసేవాళ్లకు మాత్రం పిల్లాడు గుర్రమెక్కి ఊరికే తిరుగుతున్నట్టే ఉంటుంది.

గుర్రం ఒంటి వేడి 38 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది, అంటే మనకంటే కాస్త ఎక్కువ. అందుకే చాలాచోట్ల గట్టి జీను వేయకుండా పల్చటి మెత్త మాత్రమే వేస్తారు. ఆ వెచ్చదనం తొడలకు తగులుతుంది, కాళ్లు ఎడంగా ఉండటంతో కండరాలు సాగుతాయి. లేపి నిలబెడితే కాళ్లు ఒకదానిమీదొకటి పెనవేసుకుపోయే పిల్లల్లో, దిగిన తర్వాత ఆ బిగుతు కొంతసేపైనా సడలడం థెరపిస్టులు తరచూ చూసేదే. ఆ కొంతసేపే విలువైనది. అప్పుడే నిలబెట్టడం, అడుగు వేయించడం సాధన చేయిస్తే శరీరం మాట వింటుంది.

గుర్రం ఎక్కని పనుల్లోనూ ఇంతే విషయం ఉంది. గుర్రానికి క్యారెట్ ముక్కో బెల్లం ముక్కో పెట్టాలంటే అరచేయి పూర్తిగా తెరిచి, వేళ్లన్నీ దగ్గరగా చాచి ఉంచాలి. వేళ్లు వంగి ఉంటే పళ్ల మధ్య పడతాయి. ఇప్పుడు బొటనవేలు లోపలికి మడుచుకుని పిడికిలి విప్పని చెయ్యిని ఊహించండి. రోజూ అమ్మ వేళ్లు ఒక్కొక్కటే విప్పదీస్తుంటే ఏడ్చే పిల్లాడే, గుర్రం మూతి దగ్గరికి రాగానే తనంతట తాను ఆ వేళ్లు చాచడానికి తంటాలు పడతాడు. థెరపిస్టు మణికట్టు కింద చెయ్యి ఆనించి ఉంచితే చాలు. గుర్రం పెదవులు అరచేతిని తడిమి ముక్క తీసుకుంటాయి. ఆ స్పర్శ కోసం మళ్లీ చాచుతాడు. బ్రష్‌తో గుర్రం ఒళ్లు రుద్దడంలో భుజం పైకి లేస్తుంది. పట్టీల బకిల్స్ పెట్టడంలో వేళ్లకు పని. వ్యాయామం పేరుతో చేయించలేనివి ఇక్కడ చేయించవచ్చు, ఎందుకంటే పిల్లాడి దృష్టిలో అది గుర్రం కోసం చేసే పని.

ఇక బొమ్మ గుర్రం. 2015లో అమెరికాలోని కొలరాడోలో చేసిన పరిశోధన ఇది. 6 నుంచి 16 ఏళ్ల మధ్య వయసున్న, ఆటిజం ఉన్న 127 మందిని లాటరీ పద్ధతిలో రెండు జట్లుగా విడదీశారు. ఒక జట్టుకు 10 వారాల పాటు గుర్రపు స్వారీ నేర్పించారు. రెండో జట్టును కూడా అలాంటి శాలకే తీసుకెళ్లి, గుర్రాల గురించిన పాఠాలే చెప్పారు. కానీ అక్కడ ఉన్నది నిలువెత్తు బొమ్మ గుర్రం. ఊరికే ఇంట్లో ఉన్న పిల్లలతో పోల్చి ఉంటే "కొత్త చోటికి వెళ్లారు, పెద్దవాళ్లు శ్రద్ధగా చూసుకున్నారు, అందుకే బాగున్నారు" అనేసే వీలుండేది. ఇక్కడ ఆ వీలు చాలావరకు లేదు. నిజమైన గుర్రంతో గడిపిన పిల్లల్లో చిరాకు, అతిచురుకుదనం రెండో జట్టుకంటే ఎక్కువగా తగ్గాయి. ఎదుటివాళ్లతో మెలగడం మెరుగుపడింది. వాళ్లు వాడే మాటల సంఖ్య పెరిగింది, కొత్త మాటలూ పెరిగాయి.

మాటలు ఎందుకు పెరుగుతాయన్నదానికి ఒక వివరణ చాలా సూటిగా ఉంటుంది. పిల్లాడు "నడువు" అనగానే 400 కిలోల జంతువు కదులుతుంది. "ఆగు" అంటే ఆగుతుంది. ఇంట్లో అయితే పిల్లాడు చెయ్యి చూపించేలోపే నీళ్ల గ్లాసు వచ్చేస్తుంది, మాట అవసరమే రాదు. ఇక్కడ మాట రాకపోతే గుర్రం కదలదు. స్పీచ్ థెరపిస్టులు ఈ ఒక్క అవకాశం చుట్టూ మొత్తం సెషన్ అల్లుకుంటారు. మొదట చిన్న శబ్దం వచ్చినా గుర్రాన్ని నడిపిస్తారు, తర్వాత సగం మాటకు, ఆ తర్వాత పూర్తి మాటకు. నడుము నిటారుగా నిలిచినప్పుడు ఊపిరి నిండుగా అందడం కూడా మాటకు సాయమే.

అయితే ఆటిజం తగ్గిపోతుందని ఆ పరిశోధన చెప్పలేదు. అలా చెప్పే ప్రకటన ఎక్కడ కనిపించినా నమ్మకూడదు. తగ్గింది చిరాకు, పెరిగింది మాట. ఒక ఇంట్లో రోజు ఎలా గడుస్తుందో తెలిసినవాళ్లకు అదే చాలా పెద్ద విషయం.

మనసుకు సంబంధించిన ప్రయోజనాల దగ్గర గుర్రం స్వభావం ముఖ్యం అవుతుంది. గుర్రం వేటాడే జంతువు కాదు, వేటకు గురయ్యే జంతువు. చుట్టూ ఎవరు ఎలా ఉన్నారో కనిపెట్టడం దానికి ప్రాణరక్షణ. ముక్కు ముందు, తోక వెనక కొద్ది చోటు తప్ప దాదాపు చుట్టూరా చూడగలదు. ఇంగ్లండ్‌లోని ససెక్స్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2016లో 28 గుర్రాలకు మనుషుల ముఖాల ఫోటోలు చూపించారు. కోపంగా ఉన్న ముఖాన్ని అవి, ముప్పు అనిపించినవాటిని చూసినట్టే, ఎక్కువగా ఎడమ కంటితో చూశాయి, వాటి గుండె వేగం త్వరగా పెరిగింది. ఫోటోకే ఇలా ఉంటే, ఎదురుగా పళ్లు బిగించి, భుజాలు పైకెత్తి వచ్చే మనిషిని చూసి తల ఎత్తి ఒక అడుగు వెనక్కి వేయడంలో ఆశ్చర్యం లేదు. ఆ మనిషి ఊపిరి వదిలి, భుజాలు దించితే మళ్లీ దగ్గరికి వస్తుంది. "మీరు టెన్షన్‌లో ఉన్నారు" అని డాక్టర్ చెబితే వాదించేవాళ్లు కూడా గుర్రంతో వాదించలేరు.

యుద్ధం నుంచి తిరిగి వచ్చి, ఆ భయాల నుంచి బయటపడలేని మాజీ సైనికులతో కొలంబియా విశ్వవిద్యాలయం పరిశోధకులు చేసింది ఇలాంటి పనే. 63 మంది, వారానికి ఒకసారి 90 నిమిషాల చొప్పున 8 వారాలు. స్వారీ లేదు. గుర్రం పక్కన నిలబడటం, రుద్దడం, తాడు పట్టి నడిపించడం, చివరికి తాడు లేకుండా తమ వెంట నడిచేలా చేసుకోవడం. వాళ్లతో ఒక మానసిక చికిత్స నిపుణుడు, గుర్రాల సంగతి తెలిసిన మరో మనిషి ఎప్పుడూ ఉన్నారు. 2021లో వెలువడిన ఫలితాల ప్రకారం సగానికి పైగా మందిలో లక్షణాలు గుర్తించదగినంతగా తగ్గాయి. మందులు పడక, గదిలో కూర్చుని జరిగినదంతా చెప్పుకోలేక చికిత్స మధ్యలో వదిలేసేవాళ్లు ఎక్కువగా ఉండే జబ్బులో ఇది ఆశ కలిగించే ఫలితమే. కానీ ఈ అధ్యయనంలో పోల్చడానికి రెండో జట్టు లేదు. కాలం గడిచినందుకు, తోటి సైనికులు తోడున్నందుకు ఎంత, గుర్రం వల్ల ఎంత అన్నది దీన్నిబట్టి విడదీయలేం. మానసిక జబ్బులకు గుర్రాలతో చేసే చికిత్సల మీద అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ కలిపి చూసిన 2014 నాటి సమీక్ష కూడా ఆధారాలు బలంగా లేవనే తేల్చింది. కాబట్టి డిప్రెషన్‌కో, పాత భయాలకో మందులు వాడుతున్నవాళ్లు గుర్రాల మీద నమ్మకంతో వాటిని మానేయకూడదు. మందులు, కౌన్సెలింగ్ సాగుతుండగా దీన్ని తోడుగా పెట్టుకోవచ్చు.

శరీరానికి సంబంధించిన వైపు ఆధారాలు ఇంతకంటే గట్టిగా ఉన్నాయి. సెరెబ్రల్ పాల్సీ ఒక్కటే కాదు, మల్టిపుల్ స్క్లెరోసిస్ (మెదడు, వెన్నుపాములోని నరాల పైపొర దెబ్బతినే జబ్బు) ఉన్న పెద్దవాళ్ల మీద జర్మనీలో చేసి 2018లో ప్రచురించిన అధ్యయనంలో 12 వారాల తర్వాత ఒంటి నిలకడ మెరుగుపడింది, అలసట తగ్గింది. అక్కడ మామూలు చికిత్స మాత్రమే అందుకున్న జట్టుతో పోల్చి చూశారు.

ఐరోపాలో ఈ చికిత్స వ్యాపించడానికి పరిశోధనల కంటే ముందు ఒక మనిషి కారణమైంది. డెన్మార్క్‌కు చెందిన లిస్ హార్టెల్‌కు 1944లో, గర్భవతిగా ఉన్నప్పుడు పోలియో వచ్చింది. మోకాళ్ల కింద కాళ్లు మళ్లీ పనిచేయలేదు. గుర్రం ఎక్కడానికీ దిగడానికీ సాయం కావాలి. అలాంటి ఆమె 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో, ఆ పోటీలో మహిళలను మొదటిసారి అనుమతించిన ఏడాదే, డ్రెసాజ్‌లో వెండి పతకం గెలిచింది. గుర్రం పేరు జూబిలీ. డ్రెసాజ్ అంటే గుర్రాన్ని సూక్ష్మమైన సంజ్ఞలతో నడిపించే పోటీ. మిగతావాళ్లు పిక్కలతో ఇచ్చే సంజ్ఞలను ఆమె నడుముతో, ఒంటి బరువుతో ఇచ్చింది. బంగారు పతకం గెలిచిన స్వీడన్ రౌతు ఆన్రీ సెయింట్ సీర్ ఆమెను పతకాల వేదిక ఎక్కడానికి చెయ్యి పట్టి తీసుకెళ్లాడు. 1956లో ఆమె మళ్లీ వెండి గెలిచింది. ఆ తర్వాత దశాబ్దంలో జర్మనీ, స్విట్జర్లాండ్, ఆస్ట్రియాలలో ఫిజియోథెరపిస్టులు దీన్ని ఒక పద్ధతిగా మలిచారు. 1969లో బ్రిటన్‌లోనూ, అమెరికాలోనూ వికలాంగుల స్వారీ కోసం జాతీయ సంఘాలు ఏర్పడ్డాయి.

అక్కడ స్థిరపడిన ఒక తేడాను మన దగ్గర చాలామంది పట్టించుకోరు. హిప్పోథెరపీ అంటే ఫిజియో, ఆక్యుపేషనల్ (రోజువారీ పనులు చేసుకోవడం నేర్పే) లేదా స్పీచ్ థెరపిస్టు తన చికిత్సలో గుర్రం కదలికను ఒక సాధనంగా వాడటం. అక్కడ గుర్రాన్ని నడిపేది వేరే మనిషి, పిల్లాడు స్వారీ నేర్చుకోడు. థెరప్యూటిక్ రైడింగ్ అంటే వైకల్యం ఉన్నవాళ్లకు తగినట్టు స్వారీ నేర్పడం. నేర్పేది శిక్షకుడు. మానసిక చికిత్సకు గుర్రాలను వాడటం మూడోది. మూడూ మంచివే. కానీ నడుము నిలవని నాలుగేళ్ల పిల్లాడికి కావలసింది మొదటిది. రైడింగ్ స్కూల్ వాళ్లు పెట్టే రౌండ్లకు ఆ పేరు పెట్టి డబ్బు తీసుకుంటే పిల్లాడికి సరదా దక్కుతుంది, చికిత్స దక్కదు.

ప్రమాదాలూ ఉన్నాయి, వాటిని చిన్నవి చేసి చెప్పడం తప్పు. డౌన్ సిండ్రోమ్ ఉన్న కొందరు పిల్లల్లో మెడలోని పైరెండు వెన్నుపూసల మధ్య పట్టు వదులుగా ఉంటుంది. కుదుపుకు వెన్నుపాము నలిగే ప్రమాదం ఉంది కాబట్టి డాక్టర్ పరీక్షించి సరే అనేదాకా గుర్రం ఎక్కించకూడదు. సెరెబ్రల్ పాల్సీ పిల్లల్లో తుంటి కీలు నెమ్మదిగా జారిపోతుండటం మామూలు. ఎక్స్‌రే చూడకుండా కాళ్లు ఎడంగా పెట్టి కూర్చోబెట్టడం దాన్ని ఇంకా పాడుచేయవచ్చు. అదుపులోకి రాని ఫిట్స్, బాగా వంకరపోయిన వెన్ను, పెళుసైన ఎముకలు, కూర్చునే చోట పుండ్లు ఉన్నా వద్దు. ధనుర్వాతం టీకా వేయించి ఉండాలి. గుర్రాలకు గ్లాండర్స్ అనే జబ్బు వస్తుంది, అది మనుషులకూ సోకుతుంది. మన దేశంలో అది ఇంకా బయటపడుతూనే ఉంది కాబట్టి గుర్రాలకు ఆ రక్తపరీక్ష చేయించారా అని అడగడానికి మొహమాటపడనక్కర్లేదు.

గుర్రాల గురించి కూడా ఆలోచించాలి. 2019 పశుగణన నాటికి దేశంలో గుర్రాలు, పోనీలు కలిపి 3.4 లక్షలు. అంతకుముందు గణనలో 6.2 లక్షలకు పైగా ఉండేవి. మన రైడింగ్ స్కూళ్లలో కనిపించే వాటిలో రేసుల నుంచి తప్పించినవి చాలా ఉంటాయి. రేసు గుర్రం వేగానికి పుట్టింది, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడుతుంది. కొన్ని మంచి శిక్షణతో మారతాయి, అన్నీ మారవు. బరాత్ గుర్రం చప్పుడుకు అలవాటు పడి ఉండొచ్చు, కానీ పక్కకు ఒరిగిపోతున్న పిల్లాడి బరువు కింద ఆగి, సర్దుకునే దాకా నిలబడటం దానికి ఎవరూ నేర్పి ఉండరు. చికిత్సకు కావలసింది మధ్యవయసు దాటిన, సమానంగా అడుగులు వేసే, కుంటు లేని గుర్రం. కుంటే గుర్రం మీద కూర్చున్న పిల్లాడికి ఆ కుంటు కదలికే అందుతుంది. మనిషి, జీను కలిపి బరువు గుర్రం బరువులో ఐదో వంతు మించకూడదన్నది చాలాచోట్ల పాటించే నియమం. చెవులు వెనక్కి అణచడం, తోక విదిలించడం, పట్టీ బిగిస్తుంటే కొరకబోవడం చూస్తే అది విసిగిపోయిందని అర్థం. మన ఎండల్లో ఉదయం పూట తప్ప సెషన్ పెట్టడం గుర్రానికీ పిల్లాడికీ ఇద్దరికీ హింసే.

హైదరాబాద్ లాంటి నగరంలో మొదలుపెట్టాలనుకునే కుటుంబం ముందు వెళ్లాల్సింది గుర్రపుశాలకు కాదు. సికింద్రాబాద్ బోయిన్‌పల్లిలోని జాతీయ మేధో వైకల్య సంస్థలాంటి చోట పిల్లాడికి పూర్తి పరీక్షలు చేయించి, ఇప్పుడు దేని మీద పనిచేయాలో రాయించుకోవాలి. నడుమా, మెడా, మాటా, చిరాకా? ఆ కాగితం చేతిలో ఉంటే గుర్రాలున్న చోట అడగాల్సినవి తేలిక అవుతాయి. సెషన్ నడిపే థెరపిస్టు అర్హత ఏమిటి? గుర్రాన్ని నడిపే మనిషి కాక, పిల్లాడికి రెండు పక్కలా పట్టుకుని నడిచే ఇద్దరుంటారా? తలకు సరిపడే హెల్మెట్ ఉందా? ఎక్కడానికి ర్యాంప్ ఉందా, లేక ఎత్తి పడేస్తారా? "మెడికల్ రిపోర్టులు అక్కర్లేదు, ముందు ఎక్కించండి" అన్న చోటు నుంచి వెనక్కి వచ్చేయడమే మంచిది.

మొదలుపెట్టే ముందు ఒక వీడియో తీసుకోవాలి: పిల్లాడు చాప మీద ఆసరా లేకుండా ఎంతసేపు కూర్చుంటున్నాడు, లేదా పది నిమిషాల ఆటలో ఎన్ని మాటలు అంటున్నాడు. నెలకోసారి అదే చోట, అదే వేళకు మళ్లీ తీయాలి. పరిశోధనలు చాలావరకు 8 నుంచి 12 వారాల్లో మార్పు కోసం చూశాయి, ఇంట్లోనూ అంతే గడువు పెట్టుకోవచ్చు. ఆ మధ్యలో రోజువారీ ఫిజియోథెరపీ ఆపకూడదు. 12 వారాలయ్యాక ఆ వీడియోలు వరుసగా పెట్టి, గుర్రాల చోటుతో సంబంధం లేని మరో థెరపిస్టుతో కలిసి చూడాలి. మార్పు కనిపిస్తే కొనసాగించాలి. కనిపించకపోతే పిల్లాడు అక్కడ సంతోషంగా ఉన్నందుకు నెలకోసారి తీసుకెళ్లినా తప్పులేదు, కానీ థెరపీ కోసం దాచిన డబ్బు మాత్రం పనిచేస్తున్న థెరపీకే పోవాలి.